సేవకుని ఇంట కోపము



ఈ నెల మేము వ్రాస్తున్న సంగతి చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయితే దానిని దాచినంతకాలం అది మా ఇంట్లో పెరిగిందే గాని తగ్గలేదు. మావంటి ఇళ్లు ఇంకా ఉన్నాయని ఎరిగి, ప్రార్థించి, మా ఇంటివారి అనుమతితో వ్రాస్తున్నాము.

2022 డిసెంబరు 31 రాత్రి. పాత సంవత్సరపు ఆరాధన ముగించుకుని, సంఘస్థులందరికీ వందనాలు చెప్పి ఇంటికి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. క్రొత్త సంవత్సరం రాగానే పిల్లల తలమీద చెయ్యి ఉంచి ప్రార్థించడం మా ఇంటి అలవాటు. ముందు బాబుకు ప్రార్థన చేశాము. తరువాత పాప వచ్చి నిలబడింది. దానికి అప్పుడు పదేళ్లు. ఆశీర్వదించడానికి మేము చెయ్యి పైకెత్తగానే ఆ బిడ్డ రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని ప్రక్కకు వంగిపోయింది.

గంట క్రితం అదే చెయ్యి ఎత్తి సంఘమంతటికీ దీవెన పలికాము. సంఘం తలలు వంచి ఆమేన్ అన్నది. మా బిడ్డకు మాత్రం ఆ చెయ్యి కొట్టే చెయ్యి. మా ఇంటివారు ఒక్క మాట కూడా అనలేదు. పాపను దగ్గరకు తీసుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆ రాత్రి మాకు నిద్ర లేదు.

బయట దీపం, ఇంట్లో నిప్పు

మేముండేది పాల్వంచ దాటి భద్రాచలం వైపు వెళ్లే దారిలో, అడవి అంచున ఉన్న పల్లె. ఒకవైపు పత్తి, మిర్చి చేలు. మరోవైపు టేకు చెట్లు, కోయగూడేలు. సంఘంలో మాకు శాంతపరుడనే పేరుంది. ఆ పేరు పూర్తిగా అబద్ధం కూడా కాదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు, ఊళ్లు వదిలి వచ్చినవారి మధ్య శిబిరంలో పది రోజులు పనిచేశాము. అన్నం పొట్లాల కోసం తోసుకునేవారిని, మమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టినవారిని కూడా ఓర్చుకున్నాము. పదకొండో రోజు ఇంటికి వచ్చాక, బావి దగ్గర బకెట్ కనబడలేదన్న ఒక్క కారణానికి బాబును చెంపమీద కొట్టాము. వాడి పెదవి చిట్లింది.

అది మొదటిసారి కాదు. కూరలో ఉప్పు లేదని కంచం గోడకు విసిరాము. సైకిలు పంక్చరు చేసుకొచ్చాడని బాబును బెత్తంతో కొట్టాము. ఇంటిముందు పోసుకున్న కట్టెలు అడ్డం వచ్చాయని సంఘపెద్ద మీద పదిమందిలో కేకలు వేశాము. ఆ కోపం ఐదు నిమిషాలు కూడా ఉండదు. తరువాత ఏడుపు, క్షమాపణ, పిల్లలకు మిఠాయి పొట్లం, శుక్రవారం ఉపవాసం, ఇక ఎన్నడూ ఇలా చేయనని మొక్కుబడి. రెండు వారాలు గడిచాక మళ్లీ అదే.

సౌలు రాజు భోజనపు బల్ల దగ్గర కన్నకుమారుడైన యోనాతాను మీదికే ఈటె విసిరాడని 1 సమూయేలు 20వ అధ్యాయంలో ఉంది. ఆ వాక్యభాగం మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాము. ఆ సౌలు మా ఇంటి భోజనం దగ్గరే కూర్చున్నాడని మాత్రం గ్రహించలేదు.

నర్సమ్మ చెప్పిన మాట

మా సంఘంలో ఏ.ఎన్.ఎం.గా పనిచేసే ఒక సహోదరి ఉన్నది. బాబు పెదవికి మందు రాసింది ఆమెయే. జనవరిలో ఒకనాడు ఆమె మా ఇంటికి వచ్చి, తలవంచుకునే ఇలా అన్నది: “అయ్యగారూ, తప్పుగా అనుకోవద్దు. బీపీకి మాత్ర వేసుకుంటున్నారు. అప్పుడు విశ్వాసం తగ్గిందని మీరు అనుకోలేదు కదా. ఈ కోపానికి కూడా చూసేవాళ్లున్నారు. ఒకసారి వెళ్లి మాట్లాడండి.”

మాకు వెంటనే కోపం వచ్చిందని వేరే చెప్పనక్కరలేదు. పిచ్చిడాక్టరు దగ్గరికి సేవకుడు వెళ్లడమా? సంఘం ఏమనుకుంటుంది? మాటలతో జబ్బు తగ్గుతుందా? ప్రార్థనతో పోనిది మాటలతో పోతుందా? ఇవన్నీ మనసులో తిరిగాయి. చాలా రోజుల తరువాత 2 రాజులు 5వ అధ్యాయం చదువుతుండగా నయమాను మా కళ్లముందు నిలిచాడు. అతడు కూడా కోపంతో రథం తిప్పుకుని వెళ్లిపోయినవాడే. అతనికి స్వస్థత దారి మొదట చూపింది ఇంట పనిచేసే చిన్నది. అతని కోపాన్ని చల్లార్చింది దాసులు. వారు అతన్ని గద్దించలేదు. దగ్గరికి వచ్చి మృదువుగా ఒక ప్రశ్న అడిగారు. మా నర్సమ్మ చేసింది కూడా అంతే కదా అనిపించింది.

ఆ వారమే ఖమ్మం బస్సు ఎక్కాము. సంఘానికి మాత్రం పని మీద వెళ్తున్నామని చెప్పాము. అది కూడా ఒప్పుకోవలసిన పాపమే.

ఆమె అడిగింది, మేము చెప్పాము

కౌన్సెలింగు చేసే ఆమె మా చెల్లెలి వయస్సుది. ముందుగా మా ఆరోగ్యం సంగతి అడిగింది. తలకు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా, ఫిట్స్ ఉన్నాయా, మత్తు అలవాటుందా, నిద్ర ఎలా ఉంది అని విచారించింది. కొన్ని జబ్బులవల్ల కూడా ఇలాంటి కోపం రావచ్చునట, అందుకని డాక్టరుచేత పరీక్ష చేయించుకుని రమ్మన్నది. మా ఇంటివారితో విడిగా మాట్లాడి, ఇంట్లో ఎవరికైనా ప్రాణభయం ఉందా అని కూడా అడిగింది.

తరువాత ఆమె బోధ చేస్తుందని ఎదురుచూశాము. ఆమె బోధ చేయలేదు. “పాస్టర్‌గారూ, కంచం విసిరిన రోజు తెల్లవారినప్పటినుండి ఏమేం జరిగిందో వరుసగా చెప్పండి” అన్నది.

చెప్పడం మొదలుపెట్టాము. ముందురాత్రి మూడు గంటలే నిద్ర. తెల్లవారి ఒక గూడెంలో భూస్థాపన ఆరాధన, చనిపోయింది పసిబిడ్డ. అక్కడినుండి మోటారు సైకిలు మీద మరో ఊరు. మధ్యాహ్నం భోజనం లేదు. సాయంత్రం అప్పు ఇచ్చినాయన ఫోను చేశాడు. రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరాము. అప్పుడు కూర, ఉప్పు, కంచం. చెప్తూ చెప్తూ మేమే ఆగిపోయాము. ఇంతకాలం ఉప్పు మీద కోపం అనుకున్నది ఉప్పు మీద కాదు. ఆ పసిబిడ్డ కోసం కార్చని కన్నీరు కూడా అందులో ఉంది.

ఆమె ఇంకొకటి అడిగింది: “కూర నోట్లో పెట్టుకున్న క్షణంలో మీ మనసులోకి వచ్చిన మాట ఏమిటి?” చాలాసేపు ఆలోచించి చెప్పాము: “ఈ ఇంట్లో నేనంటే ఎవరికీ లెక్క లేదు.” “అది నిజమేనా? మీ ఇంటివారిని అడిగి రండి” అన్నది. అడిగాము. ఆ రోజు మా ఇంటివారికి నూటరెండు జ్వరం. లేవలేక లేచి వండారు. నాలుకకు రుచి తెలియక ఉప్పు మరచిపోయారు. ఆ సంగతి మాకు నెలలు గడిచాక తెలిసింది, ఎందుకంటే ఆ రోజు మేము అడగలేదు.

ఇంటికి తిరిగి వచ్చే బస్సులో ఆదికాండము 4వ అధ్యాయం గుర్తుకు వచ్చింది. కయీను కోపంతో ముఖం మాడ్చుకుని ఉన్నప్పుడు దేవుడు పిడుగు కురిపించలేదు. ఆ కోపానికి కారణమేమిటని అతనినే అడిగాడు. సొరచెట్టు ఎండిపోయిందని యోనా మండిపడితే అతన్ని కూడా దేవుడు ప్రశ్నే అడిగాడు. దేవునికి తెలియక అడిగాడా? కాదు. కోపించినవాడు తన నోటితో తన హృదయాన్ని వినాలని అడిగాడు. కయీను జవాబు చెప్పలేదు, పొలంలోకి వెళ్లాడు. మేము కూడా అన్నేళ్లు జవాబు చెప్పకుండా పొలంలోకి వెళ్తున్నవారమే. ప్రార్థనలో కోపాన్ని తీసివేయమని అడిగామే గాని, దేవుడు అడిగే ప్రశ్నకు కూర్చుని జవాబు చెప్పలేదు.

నోటుబుక్కులోని నాలుగు గీతలు

పన్నెండు వారాలు వెళ్లాము. నేర్చుకున్నవి పాఠకులకు ఉపయోగపడతాయని క్లుప్తంగా చెబుతాము.

మొదటిది, నోటుబుక్కు. ప్రతి పేజీలో నాలుగు గీతలు గీసి, కోపం వచ్చినప్పుడల్లా ఏం జరిగింది, మనసులో ఏ మాట వచ్చింది, ఒంట్లో ఏమైంది, మేమేం చేశాము అని వ్రాయాలి. నెల తిరిగేసరికి మా కోపాల్లో ఎక్కువ భాగం శనివారం సాయంత్రం, ఖాళీ కడుపుతో, ఆదివారపు ప్రసంగం సిద్ధం కాని వేళలో వచ్చినవేనని కనబడింది. మొక్కుబడుల్లో కనబడని సంగతి గీతల్లో కనబడింది.

రెండవది, ఒంటి గుర్తులు. కోపం ఉన్నట్టుండి వస్తుందనుకుంటాము గాని దానికీ దూతలున్నాయి. మాకు ముందు దవడ బిగుస్తుంది, తరువాత చెవులు వేడెక్కుతాయి, ఆపై అరచేతులు. సున్నానుండి పదివరకు లెక్క పెట్టుకుని, నాలుగు దగ్గరే గుర్తుపట్టాలి. ఎనిమిది దగ్గరికి వెళ్లాక ఆలోచన పనిచేయదు. గుండె వేగం, రక్తపుపోటు పెరిగిపోయాక అవి దిగడానికి కొంత సమయం తప్పదు.

మూడవది, లేచి వెళ్లడం, తిరిగి రావడం. నాలుగు దగ్గరికి రాగానే “ఇరవై నిమిషాల్లో వస్తాను” అని చెప్పి చేతిపంపు దగ్గరికో వేపచెట్టు క్రిందికో వెళ్తాము. మోటారు సైకిలు ఎక్కకూడదు. జరిగినది తలచుకుని కుమిలిపోకూడదు. ఊపిరి నెమ్మదిగా తీసి, ఇంకా నెమ్మదిగా విడవాలి. చెప్పిన వేళకు తిరిగి వచ్చి మాట ముగించాలి. చెప్పకుండా వెళ్లిపోతే అది ఇంకో దెబ్బ. సూర్యాస్తమయానికి ముందే కోపం సంగతి తేల్చుకోమని ఎఫెసీయులకు పౌలు వ్రాసిన హెచ్చరికను మేము ఇప్పుడు ఈ విధంగా ఆచరిస్తున్నాము.

నాలుగవది, మాట మార్చుకోవడం. “నీకు బుద్ధి లేదా” అనే మాటకు బదులు “నాకు ఆకలిగా ఉంది, చాలా అలసిపోయాను” అని చెప్పడం. వినడానికి చిన్న సంగతి. కాని నలభై ఏళ్లు దాటిన మాకు ఆ రెండవ మాట నోరు తిరగలేదు. కౌన్సెలింగు గదిలో పసిపిల్లల వలె దాన్ని అభ్యాసం చేశాము. మా తండ్రిగారు తమ అలసట ఎన్నడూ మాటల్లో చెప్పలేదు. ఆయన చేతిలోని ములుగర్ర చెప్పేది. మేము నేర్చుకున్న భాష అదే.

కోపాన్ని వెళ్లగక్కితే చల్లారుతుందని చాలామంది అంటారు. దిండును కొట్టమని, అరవమని సలహా ఇస్తారు. బ్రాడ్ బుష్‌మన్ అనే అమెరికా పరిశోధకుడు 2002లో ప్రచురించిన పరిశీలనలో, కోపం తెప్పించినవారిని తలచుకుంటూ సంచిని గుద్దినవారికి కోపం తగ్గలేదు సరికదా పెరిగింది. కాబట్టి మాటల చికిత్స అంటే వెళ్లగక్కడం కాదు, వెదకి చూడడం.

దీనికి ఒక పేరుంది

కౌన్సెలింగు ఆమె ద్వారా తెలుసుకున్న ఇంకో సంగతి. కారణానికి ఎన్నో రెట్లు మించి, ముందు ఆలోచన లేకుండా, మళ్లీ మళ్లీ బద్దలయ్యే కోపాన్ని వైద్యులు ఇంటర్మిటెంట్ ఎక్స్‌ప్లోజివ్ డిజార్డర్ అంటారు. అమెరికా మానసిక వైద్యుల జబ్బుల గ్రంథంలో ఈ పేరు 1980లో చేరింది. 2013 నాటి ప్రతిలో దెబ్బలు మాత్రమే కాక, వారానికి రెండుసార్ల చొప్పున మూడు నెలలపాటు నోటితో విరుచుకుపడడం కూడా ఇందులోకి వచ్చింది. 2008లో మెక్‌క్లాస్కీ, కొకారో మొదలైనవారు ఈ జబ్బున్న 45 మందిని మూడు గుంపులుగా చేశారు. ఒక గుంపువారికి ఒక్కొక్కరితో, మరో గుంపుకు కలిపి కూర్చోబెట్టి 12 వారాలు చికిత్స చేశారు. మూడవ గుంపువారిని వేచి ఉండమన్నారు. చికిత్స పొందిన రెండు గుంపుల్లోనూ దౌర్జన్యం, కోపం తగ్గాయి. కొందరికి సైకియాట్రిస్టు మందులు కూడా అవసరమవుతాయి. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఇవన్నీ లోకసంబంధమైనవి, సంఘానికెందుకు అనేవారు కూడా ఉంటారు. ఇ. స్టాన్లీ జోన్స్‌గారు మన దేశమంతా తిరిగి సువార్త ప్రకటించిన గొప్ప సేవకుడు. తన సేవ మొదటి సంవత్సరాల్లో ఆయన మనసు, శరీరం రెండూ కృంగిపోయాయి. ఆయనే 1950లో లక్నోలో నూర్ మంజిల్ అనే మానసిక చికిత్సా కేంద్రాన్ని ఆరంభించారు. మన ప్రాంతంనుండి ఎందరో వైద్యానికి వెళ్లే వేలూరు క్రైస్తవ ఆసుపత్రిలో కూడా మానసిక వైద్యానికి ప్రత్యేక కేంద్రం ఉంది. రోగితోపాటు ఇంటివారిని కూడా ఉంచుకుని చికిత్స చేయడం అక్కడి పద్ధతి. మన పెద్దలు ఈ తలుపు మనకు ఎప్పుడో తెరిచారు. మనమే లోపలికి వెళ్లలేదు.

కోపమంతా జబ్బు కాదు

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. 2017 ఏప్రిల్‌లో ఖమ్మం మార్కెట్‌లో మిర్చి ధర పడిపోయినప్పుడు రైతులు ఆగ్రహించి మార్కెట్ కార్యాలయం మీద పడ్డారు. తరువాత పదిమంది రైతులను సంకెళ్లతో కోర్టుకు తేవడం చూసి మన జిల్లా అంతా బాధపడింది. వస్తువులు పగలగొట్టడం సరి అని మేము అనము. కాని ఏడాది కష్టం కళ్లముందు పోతున్నవాని కోపాన్ని జబ్బు అనకూడదు. మన ప్రభువు కూడా దేవాలయంలో బల్లలు పడద్రోశాడు. అన్యాయం మీద కోపం వేరు, మార్కెట్‌లో దించుకోలేని బరువును ఇంటికి తెచ్చి భార్యాబిడ్డల మీద దించడం వేరు. మొదటిదానికి న్యాయం కావాలి, రెండవదానికి చికిత్స కావాలి.

మేము చెప్పిన తప్పుడు సలహా

మరో ఒప్పుకోలు ఉంది. కొన్నేళ్ల క్రితం మా సంఘంలోని ఒక సహోదరి, భర్త కోపం భరించలేకపోతున్నానని మా దగ్గరికి వచ్చింది. “ఓర్చుకో అమ్మా, ప్రార్థించు, నీ సాక్ష్యాన్ని చూసి మారతాడు” అని చెప్పి ఇంటికి పంపాము. రెండు వారాల తరువాత ఆమె విరిగిన చేతికి కట్టుతో ఆరాధనకు వచ్చి, ఏమీ జరగనట్టు వెనుక వరుసలో కూర్చుంది. మేము ఆ రోజు సమాధానము గురించి ప్రసంగించాము. మాలోనే ఆ కోపం ఉంది గనుక ఆమె కన్నీటిని వినలేకపోయాము. తరువాత దేవుని యెదుట క్షమాపణ అడిగాము, ఆమెను కూడా అడిగాము. ఆమె క్షమించింది. కాని చెయ్యి మునుపటివలె లేదు.

కాబట్టి తోటి సేవకులకు మనవి. కోపిష్టికి చికిత్స కావాలి నిజమే, అంతకుముందు ఇంటివారికి కాపుదల కావాలి. జబ్బు పేరు చెప్పి ఎవరూ తప్పించుకోకూడదు. కోపం ఎందుకు వచ్చిందో తెలుసుకోవడం కొట్టినదానికి సాకు కాదు. గృహహింసనుండి స్త్రీలను రక్షించడానికి 2005లో చట్టం వచ్చింది. 181 నంబరుకు ఫోను చేస్తే సహాయం దొరుకుతుంది. ఆమెను ఓర్చుకోమని చెప్పే ముందు ఆ నంబరు చెప్పండి, అవసరమైతే మీ ఇంట చోటివ్వండి.

కోపంతో బాధపడేవారు ఖమ్మం దాకా వెళ్లలేకపోతే, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ ఉంది. 14416 నంబరుకు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. సంఘపెద్దలు కూడా ఒక పని చేయవచ్చు. సంఘంలో ఎవరైనా కోపంతో విరుచుకుపడితే, అతడు చల్లబడిన మరునాడు ఇద్దరు వెళ్లి ప్రక్కన కూర్చుని, నిన్న తెల్లవారినప్పటినుండి ఏం జరిగిందని అడిగి, మధ్యలో వాక్యం చెప్పకుండా చివరిదాకా వినండి. యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలో వినడం ముందు, కోపం చివర ఉంచబడ్డాయని మరువకండి.

మా ఇంటి సంగతి

మేము పూర్తిగా మారిపోయామని సాక్ష్యం చెప్పుకోవడం లేదు. 2023లో రెండుసార్లు నాలుగు దగ్గర ఆగలేకపోయాము. ఒకసారి గ్లాసు పగిలింది. అయితే ఆ రోజు మిఠాయి పొట్లం తేలేదు. నోటుబుక్కు తీసి వ్రాసి, పిల్లలను కూర్చోబెట్టి, తప్పు మాదని, వారిది కాదని చెప్పాము. పనిమీద ఖమ్మం వెళ్లామన్న అబద్ధాన్ని కూడా ఒక ఆదివారం సంఘం ముందు ఒప్పుకున్నాము. సంఘం మమ్మల్ని వెళ్లగొట్టలేదు. ఆరాధన అయ్యాక ముగ్గురు పురుషులు వేర్వేరుగా వచ్చి, ఆ నోటుబుక్కు ఎలా గీయాలో చూపించమని అడిగారు. వారిలో ఆ చెయ్యి విరిగిన సహోదరి భర్త లేడు. అతని కోసం ఇంకా ప్రార్థిస్తున్నాము, వెళ్లి అడుగుతూనే ఉన్నాము.

2023 డిసెంబరు 31 రాత్రి మళ్లీ వచ్చింది. ఆరాధన అయ్యాక పిల్లలను పిలిచాము. ఈసారి చెయ్యి ఎత్తకముందు పాపను అడిగాము: “నాన్న నీ తలమీద చెయ్యి పెట్టవచ్చా అమ్మా?” అది కాసేపు మా ముఖంలోకి చూసి, సరే అని తల ఊపింది. చెయ్యి ఉంచాము. దాని భుజాలు కొంచెం బిగిశాయి. చేతులు మాత్రం పైకి లేవలేదు.

ఆ భుజాలు కూడా ఒకనాటికి సడలుతాయని ప్రభువునందు నిరీక్షిస్తున్నాము. ప్రియ చదువరీ, ఈ రాత్రి మీ ఇంట ఎవరి భుజాలు బిగుసుకుని ఉన్నాయో చూడండి. కయీనును అడిగిన దేవుడు మనలను కూడా అడుగుతున్నాడు. ఈసారి పొలంలోకి వెళ్లక, కూర్చుని జవాబు చెప్పే కృప ఆయన మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.